ఒక్క పద్దు, ఒక్క పేజీ: బడ్జెట్‌లో పేదల మాట వినిపించాలనుకునే గుడి, చర్చి, మసీదు సంఘాలకు ఒక మార్గదర్శి

మా మండల కేంద్రంలో క్రిస్మస్‌కు మేం దుప్పట్లు పంచుతాం. రంజాన్‌కు మసీదు కమిటీ వాళ్లు రేషన్ కిట్లు ఇస్తారు. శ్రీరామనవమికి గుడి దగ్గర అన్నదానం. ఒకసారి సంఘం కోశాధికారిగా ఊరికే సరదాకి మూడింటి ఖర్చూ కలిపి చూశాను. ఏడాదికి మహా అయితే రెండు లక్షలు. అదే ఊళ్లో సంక్షేమ హాస్టళ్లలో సుమారు రెండు వందల మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరి నెల తిండి ఖర్చుకు ప్రభుత్వం ఒక్క వంద రూపాయలు పెంచితే, పది నెలలకు రెండు లక్షలు. మూడు మతాల వాళ్లం ఏడాదంతా చందాలెత్తి చేసే సేవంతా ఆ ఒక్క వంద రూపాయల్లో ఉంది.

అప్పటి నుంచి నాకు బడ్జెట్ పుస్తకాల మీద గౌరవం పెరిగింది. దుప్పట్లు మానేయమని చెప్పడం లేదు. దుప్పట్లు పంచే చేతులే ఏడాదికోసారి ఒక అర్జీ కూడా పట్టుకోవాలంటున్నాను. ఇది ఎలా చేయాలో, మేం ఎక్కడెక్కడ బోల్తా పడ్డామో చెబుతాను. ఉదాహరణ కోసం మొదటి నుంచి చివరి దాకా తెలంగాణ హాస్టల్ మెస్ చార్జీలనే పట్టుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో రేట్లు వేరు, పద్ధతి మాత్రం ఇదే. పింఛన్లకైనా, మధ్యాహ్న భోజనం వండే అక్కల గౌరవ వేతనానికైనా దారి ఒకటే.

మొదటి అడుగు: ఐదారుగురిని కూర్చోబెట్టండి, గర్భగుడిలో కాదు

పెద్ద కమిటీ వద్దు. లెక్కలు తెలిసిన ఒకరు (రిటైరైన టీచరో, పోస్టాఫీసు ఉద్యోగో ప్రతి సంఘంలో ఉంటారు), చక్కగా రాయగలిగిన ఒకరు, భయం లేకుండా ఆఫీసుల్లోకి వెళ్లగలిగిన ఒకరు చాలు. వీళ్లతో పాటు ఆ కష్టం పడుతున్న ఇంటి నుంచి కనీసం ఇద్దరు ఉండాలి. హాస్టల్లో చదివే పిల్లల తల్లులు లేకుండా హాస్టల్ తిండి గురించి అర్జీ రాస్తే అది మన పాండిత్యం అవుతుంది తప్ప వాళ్ల మాట కాదు.

వీలైతే ఒకే మతం వాళ్లు కాకుండా చూసుకోండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ హాస్టళ్లన్నిటికీ మెస్ చార్జీల రేటు ఒకటే. కాబట్టి పాస్టరు గారు, మసీదు సదర్ సాబ్, భజన మండలి పెద్దాయన కలిసి వెళ్తే అందులో నటన ఏమీ ఉండదు, ముగ్గురి పిల్లలూ తినేది ఒకటే కూర. పైగా, ఒకే మతం వాళ్లు వెళ్తే ఆఫీసులో మొదట వాళ్ల మతం కనిపిస్తుంది, ముగ్గురూ వెళ్తే పని కనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం అని 1988లో ఒకటి వచ్చింది. ప్రార్థనా స్థలాల ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదని దాని సారం. అందులో 'రాజకీయ కార్యకలాపం' అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలం: పార్టీ ప్రచారమే కాదు, రాజకీయ స్వభావం ఉన్న ఏ అంశం మీద సభ పెట్టినా అందులోకి లాగే వీలుంది. హాస్టల్ తిండి గురించి అర్జీ రాసుకోవడాన్ని ఎవరూ నేరమనరనే నా నమ్మకం. కానీ ఎవరో ఒకరికి మీ మీద కోపం వచ్చిన రోజున ఆ నమ్మకం పనికిరాదు. కమ్యూనిటీ హాలో, ఎవరి ఇంటి వరండానో చూసుకోండి. టీ కూడా అక్కడే బాగుంటుంది.

రెండో అడుగు: ఒక్క విషయం ఎంచుకోండి

మా మొదటి అర్జీలో పద్నాలుగు డిమాండ్లున్నాయి. రోడ్డు, డ్రైనేజీ, పింఛన్లు, హాస్టల్, శ్మశాన స్థలం, ఆఖరికి బస్టాప్ షెడ్డు కూడా. తీసుకున్న అధికారి మర్యాదగా చదివి, "ఇందులో నా శాఖది ఏదండీ?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అర్జీ ఏ ఫైల్లోకీ వెళ్లలేదు, ఎందుకంటే పద్నాలుగు ఫైళ్లలోకి వెళ్లాల్సిన కాగితం అది.

మంచి విషయానికి మూడు గుర్తులుంటాయి. మీరు కళ్లారా చూసింది కావాలి. దానికి బడ్జెట్‌లో ఒక పద్దు, అంటే ఆ ఖర్చు రాసే ఒక వరుస, ఉండాలి. రూపాయల్లో చెప్పగలిగేది కావాలి. 'పేదరికం పోవాలి' అన్నది ప్రార్థన, అది ప్రార్థనలోనే ఉండనివ్వండి. 'ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లల నెల మెస్ చార్జీ ఇంత ఉండాలి' అన్నది అర్జీ.

అలాగే ఏ ప్రభుత్వం చేతిలో ఉందో ముందే తేల్చుకోండి. వృద్ధాప్య పింఛనే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు రూ.4,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా పింఛన్‌ను రూ.2,016 చేసింది 2019లో. అందులో కేంద్రం వాటా ఎంతో చాలామందికి తెలియదు: 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు రూ.200, 80 దాటితే రూ.500. అదీ కేంద్రం లెక్కలో పేదలుగా గుర్తించినవాళ్లకే. ఆ రెండు వందలు 2007 నుంచి కదలలేదు. దాని గురించి ఎమ్మెల్యేను నిలదీసి లాభం లేదు, అది ఎంపీ గారి దగ్గరకు పట్టుకెళ్లాల్సిన కాగితం. వీధి కుళాయి, మురికి కాలువ లాంటివైతే గ్రామసభలో, పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడే తేలతాయి. అక్టోబర్ 2 తర్వాత జరిగే గ్రామసభలను వదులుకోకండి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. జరిగిందో లేదో అడిగే హక్కు ఊళ్లో ప్రతి ఓటరుకీ ఉంది.

మూడో అడుగు: పళ్లెం నుంచి లెక్క మొదలుపెట్టండి

2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలు 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వాళ్లకు నెలకు రూ.950 ఉన్నది రూ.1,330 అయ్యింది. ఎనిమిది నుంచి పది వాళ్లకు రూ.1,100 నుంచి రూ.1,540. ఇంటర్ నుంచి పీజీ దాకా రూ.1,500 నుంచి రూ.2,100.

నలభై శాతం అని పేపర్లో చదివితే చాలా పెద్దగా వినిపిస్తుంది. ముప్పైతో భాగించండి. తొమ్మిదో తరగతి పిల్లవాడికి రోజుకు 51 రూపాయల చిల్లర. ఐదో తరగతి పాపకు 44 రూపాయల చిల్లర. ఇందులోనే పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదైనా తినడానికి, రాత్రి భోజనం. పాత రేటు ప్రకారం ఆ ఐదో తరగతి పాపకు రోజుకు 32 రూపాయలు కూడా లేవు, ఏళ్ల తరబడి అదే నడిచింది.

ఇప్పుడు మీ తల్లులను కిరాణా కొట్టుకు పంపండి. వార్డెన్ దగ్గర హాస్టల్ మెనూ అడిగి తీసుకోండి, అది గోడ మీద రాసే ఉంటుంది. ఆ మెనూలో ఉన్నది ఉన్నట్టు వండితే ఒక్కొక్కరికి ఎంతవుతుందో మీ ఊరి ధరలతో లెక్క కట్టండి: పప్పు, నూనె, గుడ్డు, పాలు, కూరగాయలు, గ్యాసు. బియ్యం సంగతి వేరు. పౌరసరఫరాల శాఖ నుంచి వస్తాయి కాబట్టి వాటి ఖర్చు ఇందులో కలుస్తుందో లేదో వార్డెన్‌నే అడిగి రాసుకోండి, ఊహించి వేయకండి. ఈ కాగితం మీద కొట్టు పేరు, తేదీ వేయండి. మా సంఘంలో ఈ పని చేసింది ఎనిమిదో తరగతి దాకా చదివిన ఒక అక్క. ఆమె లెక్కలో ఒక్క తప్పు పట్టలేకపోయాను, నా లెక్కలో మాత్రం ఆమె ఉప్పు, చింతపండు మరచిపోయావని పట్టుకుంది.

హాస్టల్లోకి వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. అనుమతి లేకుండా దూరకండి, పిల్లల ఫొటోలు తీయకండి. అన్నంలో పురుగుల వీడియో వాట్సాప్‌లో తిప్పితే ఒక రోజు గోల అవుతుంది, మర్నాడు వార్డెన్ సస్పెండ్ అవుతాడు, రేటు మాత్రం అక్కడే ఉంటుంది. చాలాసార్లు వార్డెనే మీకు మంచి సాక్షి. అప్పు చేసి కూరగాయలు తెచ్చే వార్డెన్లు ఉంటారు. వాళ్లను దొంగలుగా చూడడం మొదలుపెడితే ఆ తలుపు మూసుకుపోతుంది.

నాలుగో అడుగు: పుస్తకంలో ఆ వరుసను వెతికి పట్టుకోండి

ఇక్కడే చాలామంది జారుకుంటారు. నిజానికి ఇది పంచాంగం చూడడం కన్నా కష్టం కాదు. రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో బడ్జెట్ సంపుటాలన్నీ పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఖర్చులకు నాలుగంకెల కోడ్‌లుంటాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానికి 2225. వైద్యానికి 2210, చదువుకు 2202, పింఛన్ల లాంటి సామాజిక భద్రతకు 2235, పౌష్టికాహారానికి 2236. 2225 కింద మళ్లీ 01 అంటే ఎస్సీలు, 02 ఎస్టీలు, 03 బీసీలు. వేరే శాఖల్లో ఎస్సీల కోసం పక్కన పెట్టిన సొమ్ము 789 అన్న మైనర్ హెడ్ (ఉపపద్దు) కింద, గిరిజనులది 796 కింద కనిపిస్తుంది. ఈ కోడ్‌లు దేశమంతా ఒకటే, ఒకసారి నేర్చుకుంటే ఏ రాష్ట్రం పుస్తకమైనా చదవొచ్చు.

ప్రతి వరుసకూ ఎదురుగా నాలుగు అంకెలుంటాయి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, నిరుడు బడ్జెట్‌లో చెప్పింది, దాన్నే ఏడాది చివర్లో సవరించింది, రాబోయే ఏడాదికి వేసిన అంచనా. పత్రికల్లో హెడ్‌లైన్ అయ్యేది ఆఖరిది. మీరు చూడాల్సింది మొదటిది. ఒక పద్దుకు ఏటా పెద్ద అంకె వేసి, ఏటా అందులో సగమే ఖర్చవుతుంటే, మీరు కేటాయింపు పెంచమని అడగడం దండగ. అక్కడ అడగాల్సింది విడుదల గురించి. అదే కేటాయించినంతా ఖర్చయి, ఇంకా బిల్లులు మిగిలిపోతుంటే, అప్పుడు కేటాయింపు పెంచమనాలి. ఈ ఒక్క తేడా పట్టుకున్నవాళ్ల మాట ఆర్థిక శాఖ వాళ్లు కూడా కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

ఎస్సీ, ఎస్టీల నిధుల విషయంలో మన దగ్గర ఒక చట్టం ఉంది, దాన్ని వాడుకోకపోవడం మన తప్పే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. పదేళ్ల గడువు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2023 జనవరిలో దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. జనాభా నిష్పత్తి ప్రకారం నిధులు పక్కన పెట్టాలన్నది రెండింటి మూలం. తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08 శాతం, 2011 లెక్కల ప్రకారం. ఖర్చు కాకుండా మిగిలిపోతే మరుసటి ఏడాది ఆ లోటు పూడ్చాలని కూడా తెలంగాణ చట్టంలో ఉంది. కాబట్టి 'దయచేసి ఇవ్వండి' అనే చోట 'చట్టం ప్రకారం ఇవ్వాల్సింది' అని రాయొచ్చు.

పుస్తకంలో దొరకనిది సమాచార హక్కు కింద అడగండి. మీ మండలంలోని హాస్టళ్లకు గత రెండేళ్లలో మెస్ చార్జీల బడ్జెట్ ఏ తేదీన విడుదలైంది, ఏ నెల బిల్లు ఏ తేదీన ట్రెజరీ నుంచి చెల్లింపు అయింది, ఇంకా ఎంత పెండింగ్ ఉంది: ఈ మూడే అడగండి. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం జతచేస్తే ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. తేదీల పట్టిక చేతికొస్తే మీ అర్జీలో అంతకన్నా బలమైన పేరా ఇంకోటి ఉండదు.

ఐదో అడుగు: నెల తప్పితే ఏడాది తప్పినట్టే

మేం రెండో ఏడాది అర్జీ బాగానే రాశాం. ఫిబ్రవరి ఆఖర్లో పట్టుకెళ్లాం. "బడ్జెట్ ప్రింటుకెళ్లాక వచ్చారా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. కేంద్ర బడ్జెట్ 2017 నుంచి ఫిబ్రవరి 1న పెడుతున్నారు, రాష్ట్ర బడ్జెట్లు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. కానీ వంట అంతకు ఆరు నెలల ముందే మొదలవుతుంది. వర్షాకాలం పోతుండగా ఆర్థిక శాఖ అన్ని శాఖలనూ ప్రతిపాదనలు పంపమంటుంది. జిల్లా ఆఫీసులు తమ అవసరాలు పైకి పంపుతాయి. చలికాలంలో శాఖలవారీగా సమీక్షలు. సంక్రాంతి దాటాక మారేది చాలా తక్కువ. కాబట్టి జిల్లా అధికారికి ఆగస్టు, సెప్టెంబర్‌లో, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో శాఖ కార్యదర్శికి అక్టోబర్, నవంబర్‌లో, మంత్రికీ ఎమ్మెల్యేకూ డిసెంబర్‌లోపు.

ఎన్నికల ఏడాదిలో ఈ లెక్క తప్పుతుంది. 2024లో ముందు ఓటాన్ అకౌంట్‌తో (కొన్ని నెలల ఖర్చుకే సభ ఇచ్చే అనుమతితో) నెట్టుకొచ్చి, పూర్తి బడ్జెట్‌ను తెలంగాణ జులై 25న, ఆంధ్రప్రదేశ్ నవంబర్ 11న పెట్టాయి. అలాంటి ఏడాది మీకు అదనంగా కొన్ని నెలలు దొరికినట్టే.

ముందే వెళ్లాలనడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని మాకు ఒక రిటైర్డ్ అసెంబ్లీ ఉద్యోగి చెప్పేదాకా తెలియదు. బడ్జెట్ సభలో పెట్టాక ఏ ఎమ్మెల్యే అయినా ఒక పద్దును పెంచమని తీర్మానం పెట్టలేడు. రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం గవర్నరు సిఫార్సు లేకుండా ఖర్చు అడగడం కుదరదు. సభ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, తగ్గించవచ్చు, అంతే. అందుకే ప్రతిపక్ష సభ్యులు ఒక సమస్య లేవనెత్తాలంటే నామమాత్రపు కోత తీర్మానం పెడతారు. పెంచాలని ఉన్నవాడు కోయమని అడగాలి! ఆ విచిత్రం వెనక నియమం ఇదీ.

ఆరో అడుగు: ఒక్క పేజీ అర్జీ

రెండో పేజీ ఎవరూ చదవరు. లెక్కల కాగితం, సమాచార హక్కు జవాబు జతచేయండి, అర్జీ మాత్రం ఒక పేజీ. దాదాపు ఇలా ఉండాలి:

"గౌరవనీయులైన సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి నమస్కారాలు. మేం ఫలానా మండల కేంద్రంలో నివసిస్తున్న తల్లిదండ్రులం, వివిధ మత సంఘాల సభ్యులం. మా మండలంలోని సంక్షేమ హాస్టళ్లలో ఇంతమంది పిల్లలు చదువుకుంటున్నారు. 2024లో మెస్ చార్జీలు పెంచినందుకు ధన్యవాదాలు. అయితే ఈ రేటు ఎప్పుడు మళ్లీ సవరిస్తారన్నది ఎక్కడా నిర్ణయించలేదు. ఫలానా తేదీన మా ఊరి ధరల ప్రకారం, హాస్టల్ మెనూ పూర్తిగా వండడానికి తొమ్మిదో తరగతి విద్యార్థికి రోజుకు ఇంత అవుతోంది, ప్రస్తుతం అందుతున్నది రూ.51.33. లెక్క జతచేశాం. వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి ప్రతి ఏటా బడ్జెట్ తయారీకి ముందే ధరల సూచీని బట్టి మెస్ చార్జీలు సవరించేలా ఉత్తర్వు ఇవ్వాలని, ఆ మేరకు 2225 పద్దు కింద కేటాయింపు చూపాలని కోరుతున్నాం."

ఇందులో పొగడ్త ఒక్క వాక్యం, కోపం సున్నా. చేసిన మేలు ఒప్పుకున్నాకే లోటు చెప్పాలి. అది తెలివితేటల కోసం కాదు, చేసింది చేసినట్టు చెప్పడం న్యాయం కాబట్టి. 'ఇంత పెంచండి' అని కాకుండా 'ఏటా సవరించండి' అని ఎందుకు అడిగామంటే, ఒకసారి పెంచి ఏళ్ల తరబడి మరచిపోయే అలవాటే అసలు జబ్బు గనుక.

సంతకాల దగ్గర కాస్త ఆగాలి. ఇది మా లాంటి చర్చిలకు ముఖ్యం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి. ఒక కుటుంబం ఎస్సీ సర్టిఫికెట్‌తో పిల్లవాడిని హాస్టల్లో చేర్చి ఉండొచ్చు, వాళ్లమ్మ ఆదివారం మా బెంచీ మీద కూర్చోవచ్చు. ఆ బెంచీ లెక్క ఎవరి దగ్గర ఏ అవసరానికి బయటికొస్తుందో తెలియదు. అందుకే సంఘం సభ్యుల జాబితాను, పిల్లల పేర్లను అర్జీకి ఎప్పుడూ జతచేయకండి. చర్చి లెటర్‌హెడ్ వాడకండి. మండల నివాసులుగా సంతకం పెట్టండి. "క్రైస్తవులకు ఎస్సీ నిధులతో పనేంటి?" అని ఎవరైనా అంటే, హాస్టల్లో పిల్లలందరి ఆకలి గురించి వచ్చామని చెప్పి మీ లెక్కల కాగితం ముందుకు జరపండి. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న వాదన పెద్దది, అవసరమైనది కూడా. కానీ దాన్ని ఈ అర్జీ మీద మోపితే రెండూ కుంటుపడతాయి.

ఏడో అడుగు: ఆరాధనలో ఎంత చెప్పాలి

పార్టీ పేరు, నాయకుడి పేరు, ఓటు అన్న మాట: ఈ మూడూ వేదిక మీదికి రాకూడదు. మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఈ పని పూర్తిగా ఆపేయడమే మంచిది.

పార్టీ ఊసు లేకుండా చెప్పాల్సింది చాలా ఉంది. నోరులేనివాళ్ల కోసం నోరు తెరవమని సామెతల గ్రంథం 31వ అధ్యాయం రాజుకే చెబుతుంది. ధనంలో అడిగేవాడికీ, అడగలేక ఉండిపోయినవాడికీ 'హక్కు' ఉందంటుంది ఖురాన్. దయ అనదు, హక్కు అంటుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని భోజనానికి ముందు అనుకునే ఇంట్లో హాస్టల్ పళ్లెం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఈ మాటలు పండగ రోజున కాకుండా మామూలు వారంలో చెప్పండి. పండగ రోజున విన్నది దుప్పట్లతో పాటు మడతపెట్టి లోపల పెట్టేస్తారు.

అమెరికాలో బ్రెడ్ ఫర్ ది వరల్డ్ అనే క్రైస్తవ సంస్థ ఉంది. ఆర్థర్ సైమన్ అనే లూథరన్ పాస్టరు 1970ల్లో మొదలుపెట్టాడు. వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది: ఆరాధనకు వచ్చినవాళ్లు ఆకలికి సంబంధించిన ఒక చట్టం గురించో, కేటాయింపు గురించో తమ ప్రతినిధికి ఉత్తరం రాస్తారు, ఆ ఉత్తరాలను కానుకలతో పాటు సమర్పించి పోస్టు చేస్తారు. అక్కడ ఉంటున్న మన తెలుగు చర్చిల వాళ్లు ఇందులో చేరొచ్చు. ఇక్కడ మన చట్టాలు వేరు కాబట్టి ఉత్తరాలు హాల్లోనో ఇళ్ల దగ్గరో రాయించండి. జిరాక్స్ ఉత్తరం మీద రెండు వందల సంతకాల కన్నా, ఇరవై మంది తమ చేత్తో తమ మాటల్లో రాసిన పోస్టుకార్డులు బరువు. రాయడం రానివాళ్లు చెబితే పిల్లలు రాసిపెట్టాలి. ఒక నాయనమ్మ మా అబ్బాయితో రాయించిన కార్డులో బడ్జెట్ అన్న మాటే లేదు. "మా మనవడు సెలవులకొచ్చినప్పుడు మొదటి రెండు రోజులు ఆగకుండా తింటాడు సారూ" అని ఉంది.

ఖర్చు విషయం: జిరాక్సులు, బస్సు చార్జీలు స్థానిక చందా నుంచే పెట్టండి. మీ సంస్థకు విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే ఆ ఖాతా డబ్బు దీనికి ముట్టుకోకండి, ఆడిటరును అడగకుండా ఒక్క రూపాయి కూడా.

ఎనిమిదో అడుగు: ఇవ్వడం, మళ్లీ వెళ్లడం

తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక కూడా సోమవారమే. అక్కడ ఇస్తే రసీదు నంబరు వస్తుంది, అది జాగ్రత్త. కానీ రేటు మార్చడం కలెక్టర్ చేతిలో లేదు, అక్కడ ఇచ్చేది రికార్డు కోసం. అసలు కాగితం జిల్లా సంక్షేమ అధికారి చేతికి, అక్కడి నుంచి పైకి వెళ్లాలి. ఫైలు చూసే సీనియర్ అసిస్టెంట్‌ను చిన్నచూపు చూడకండి. మీ లెక్కల కాగితాన్ని నోట్‌లో ఎక్కించేది ఆ మనిషే.

ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లేటప్పుడు శాలువా వద్దు. శాలువా కప్పితే ఫొటో వస్తుంది, ఫొటో వస్తే పని అయిపోయినట్టు అందరికీ అనిపిస్తుంది, అవతలి పార్టీ వాళ్లకు మీరు ఎవరి మనుషులో తేలిపోతుంది. ముగ్గురు వెళ్లండి, పది నిమిషాలు చాలు. తల్లి మాట్లాడాలి, లెక్క ఒకరు చెప్పాలి, పాస్టరో ఇమాం సాబో పూజారో మాట్లాడకుండా పక్కన కూర్చోవాలి. మాకు ఇది అన్నిటికన్నా కష్టమైన నియమం. మైకు అలవాటైన నోళ్లు కదా. చివర్లో ఒక్కటే అడగండి: "పద్దుల మీద చర్చలో ఈ ప్రశ్న అడుగుతారా?" అవును, కాదు, చూద్దాం. ఏదైనా తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. అధికార పక్షం ఎమ్మెల్యేకు ఇచ్చిన కాగితమే ప్రతిపక్షం వాళ్లకూ ఇవ్వండి, ఒక్క అక్షరం తేడా లేకుండా.

బడ్జెట్ ప్రసంగంలో మీ మాట వినిపించినా టపాసులు కాల్చకండి. ప్రసంగంలో వచ్చింది పద్దులో ఉండాలి, పద్దులో ఉన్నదానికి జీవో రావాలి, జీవో వచ్చినదానికి నిధులు విడుదల కావాలి, విడుదలైనదానికి ట్రెజరీలో బిల్లు పాసవ్వాలి. ఈ నాలుగు గుమ్మాల్లో ఎక్కడైనా ఆగొచ్చు. బడ్జెట్‌లో మీ మాట రాకపోతే ఏడాది మధ్యలో అనుబంధ పద్దులు (అదనపు ఖర్చుల పద్దులు) పెట్టేటప్పుడు రెండో అవకాశం ఉంటుంది, అదే కాగితం కొత్త తేదీతో పంపండి.

జూన్‌లో హాస్టళ్లు తెరిచిన మొదటి వారంలోనే వార్డెన్ దగ్గరకు వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది రేటు ఎంత, ఆఖరి బిల్లు ఏ నెలది వచ్చింది. జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆగస్టు అర్జీకి మొదటి వాక్యం అదే.